మా వదిన కుట్టేసిన పీఠికలు

రాజాంలో నేను తెలుగు పండితుడిగా ఉన్న బడిలో, పిల్లలకు సమాసాలు చెబుతున్న వేళ, మా ఊరి నుంచి పక్కింటి తవిటయ్య వచ్చి తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. "మేష్టారూ, ఒకపాలి బైటికి రండి" అన్నాడు. కొంతకాలంగా మా అన్నయ్య ఆరోగ్యం అంతంతమాత్రం గనుక నా మనసు అటే పోయింది. వరండాలోకి వెళ్ళి "అన్నయ్యకేనా?" అని అడిగాను. "కాదండి. మీ వదినమ్మ" అన్నాడు. క్రియ లేని ఆ వాక్యాన్ని పూర్తి చెయ్యమని నేనూ అడగలేదు, అతనూ చెయ్యలేదు.

మా అన్నగారు అప్పలస్వామి గారి ధర్మపత్ని శ్రీమతి వరహాలమ్మ, మధ్యాహ్న భోజనానంతరం గోడకు చేరగిలబడి, ఒడిలో పుస్తకం ఉండగానే, అనాయాసంగా పరమపదించింది. పక్కనే నడుం వాల్చిన అన్నయ్య, ఆవిడ చదవడం ఆపితే కునుకు తీస్తోందనుకున్నాడట. ఆరోగ్యవంతురాలు, కంచుగొంతు మనిషి, ముందురోజు కూడా బజారులో ఎవరితోనో పోట్లాడి వచ్చిన మనిషి అలా వెళ్ళిపోయిందంటే నేటికీ నా బుద్ధికి అందడం లేదు.

చదువరి చనిపోతే సంస్మరణ వ్యాసం రాసే ఆచారం మనలో లేదు. రాసినవాడు పోతే రాస్తాం, అచ్చువేసినవాడు పోతే రాస్తాం, సభలకు అధ్యక్షత వహించినవాడు పోతే సైతం రాస్తాం. చదివేవాళ్ళే లేకపోతే ఈ ముగ్గురూ ఏం చేసుకుందురో ఎవరూ ఆలోచించరు. మా వదిన ఒక్క పంక్తి రాయలేదు. బతికినన్నాళ్ళూ చదివింది. గ్రంథాలయ వార్షిక సంచిక వారు ఈ నాలుగు పుటలూ ఇచ్చినందుకు కృతజ్ఞుణ్ణి. ఇవ్వకపోయి ఉంటే దెబ్బలాడి ఉందును.

ఆవిడ విజయనగరంలో మేనమామ గారింట పెరిగి ఎనిమిదో తరగతి దాకా చదివింది. నాగావళి అవతల మా ఊరికి కాపురానికి వచ్చేనాటికి మా ఇంట్లో పంచాంగం తప్ప మరో అచ్చు కాగితం లేదు. మా అన్నయ్యకు అక్షరాలు రావు. పొలం తెలుసు, పశువు తెలుసు, అవి చాలనుకున్న మనిషి. నేను అప్పటికి పసివాణ్ణి. నాచేత అక్షరాలు దిద్దించింది ఆవిడే. పెద్దయ్యాక నేను పండితుణ్ణయితే సంతోషించింది, ఆ తరువాత ఆటపట్టించడమూ మొదలుపెట్టింది. కోపమొస్తే "ఒరే సిన్నోడా", మరీ కోపమొస్తే "పండితుడుగోరూ" అనేది.

పుస్తకాల మీద ఆవిడకు భక్తి ఉండేదని పెద్దకర్మ నాడు ఎవరో పెద్దమనిషి అన్నారు. నేను ఒప్పుకోను. భక్తుడు దేవుడితో తగువు పెట్టుకోడు. ఆవిడ పుస్తకంతో తగువు పెట్టుకోని రోజు లేదు. అది భక్తి కాదు, కాపురం. చిరాకు పడుతూనే, విసుక్కుంటూనే, విడిచి ఉండలేకపోయింది. ఆ చిరాకులన్నింటి వెనకా ఉన్న కోరిక ఒక్కటే. "మనోళ్ళు మన మాట మాటాడే పుస్తకం, మాటాడితే ఎవులూ నవ్వని పుస్తకం, ఒక్కటి సదివి సచ్చిపోవాలిరా" అనేది. ఆ కోరిక తీరిందా లేదా అన్నది ఆవిడ పోయేదాకా నాకు తెలియలేదు. తెలిసిన వైనం చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఆవిడ చిరాకుల్లో పెద్దదైన పీఠిక సంగతి చెప్పాలి. నవలకు ముందు ఒక మహనీయుడు పీఠిక రాయడం, ఆ పీఠికలో కథంతా చెప్పేసి, నాయిక ఏ పుటలో కన్నీరు పెట్టుకుంటుందో సహా విప్పి చూపడం మన సాహిత్యంలో మర్యాదగా సాగుతున్నది. వదినకు ఇది గిట్టేది కాదు. "గుమ్మంలోనే వొండినవన్నీ నోట్లో కుక్కేస్తే, లోపలికెళ్ళి పీటేసుకుని ఏటి తింతాము?" అనేది. అందుకని పుస్తకం ఇంటికి రాగానే, కళ్ళు పక్కకు తిప్పుకుని, పీఠిక పుటలన్నీ కలిపి సూదీ దారంతో అంచున కుట్టేసేది. కథ పూర్తయ్యాక కుట్టు తెంపి, ఆ మహనీయుడు ఏమన్నాడో అప్పుడు చదివేది.

ఆమదాలవలస గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే ఆయన దీనిమీద ఆక్షేపణ తెలిపారు. పుస్తకాలకు కుట్లు వెయ్యడం ఏ నిబంధనలోనూ లేదన్నారు. "కుట్టిప్పేసే ఇస్తన్నాను కదా బాబూ" అన్నది వదిన. "కథయిపోనాక పీఠిక కూడా సదివే ఇస్తన్నాను. మీ కాడ పీఠిక సదివినోళ్ళు ఇంకెవులైనా ఉన్నారేటి?" ఆయన నిజాయితీపరుడు. ఆలోచించి, లేరని ఒప్పుకున్నారు. అప్పటినుంచీ కొత్త నవల వస్తే, ముందు వరహాలమ్మ గారు కుట్టాలి, తరువాతే మిగతావాళ్ళకు ఇవ్వాలి అన్నంత దాకా వెళ్ళింది వారి స్నేహం.

ముగింపు చెప్పేసేవాళ్ళ మీద ఆవిడకు ఇంతకన్నా కోపం. ఒకసారి వదినా అన్నయ్యా బస్సులో వస్తున్నారు. ఆవిడ చేతిలో నవల ఉంది. పక్క సీటులో పాతపట్నం వైపు వెళుతున్న ఒక పెద్దమనిషి అట్ట చూసి, ప్రేమగా, "ఆ పుస్తకమా అమ్మా? నానూ సదివినాను. ఆకరికి ఆ పిల్ల, ఆ గుంట, నూతిలో పడి సచ్చిపోతాది" అన్నాడు. వదిన పుస్తకం మూసింది. "నీ పున్నెమా అని నాకు సదివే పని తప్పిపోనాది. ఇదిగో, నువ్వే ఉంచీ" అని అతని ఒళ్ళో పెట్టి, ఆమదాలవలసలో దిగిపోయింది. బస్సు కదిలిపోయాక గానీ అది గ్రంథాలయం పుస్తకమని వదినకూ అన్నయ్యకూ గుర్తు రాలేదు.

పాపం మా అన్నయ్య పాతపట్నం వెళ్ళి, సంతలో నలుగురినీ అడిగి ఆ పెద్దమనిషిని పట్టుకున్నాడు. అతను చాలా మంచివాడు. అన్నయ్యకు కాఫీ ఇప్పించి, పుస్తకం తిరిగి ఇచ్చి, ఊరికే పంపడం బాగుండదని మరో రెండు నవలల ముగింపులు కూడా చెప్పి పంపించాడు. అన్నయ్య ఆ రెండు ముగింపులనూ కడుపులోనే దాచుకున్నాడు. ఆ తరువాత వదిన ఆ రెండు నవలలూ చదివి వినిపిస్తే, ఏమీ తెలియనట్టు కూర్చుని విన్నాడట. ఇంత నిగ్రహం మా వంశంలో మరెవరికీ లేదు.

వినిపించడం అన్నాను గనుక అదీ చెప్పాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్నయ్య చాప మీద నడుం వాలిస్తే, ఆవిడ గోడకు ఆనుకుని పుస్తకం చదివి వినిపించేది. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు, చివరి రోజు దాకా తప్పలేదు. విచిత్రమేమంటే, నేను సెలవులకు వెళ్ళినప్పుడు గుమ్మంలో నా చెప్పుల చప్పుడు కాగానే చదవడం ఆపేసేది. "చదువు వదినా, నేనూ వింటాను" అంటే, "పండితుడుగోరి ముందు నాను సదవను. తప్పులట్టుకుంతావు" అనేది. సిగ్గు అనుకున్నాను. ఆ మనిషికి సిగ్గేమిటని ఆలోచించవలసింది.

రాజాంలో ధాన్యం వ్యాపారం చేసే ఒక ధనికుల ఇంటికి పెళ్ళికి వెళ్ళినప్పుడు, హాల్లో అద్దాల బీరువా నిండా బంగారు అక్షరాల అట్టల పుస్తకాలు చూసి ఆవిడ కాళ్ళు కదలలేదు. తాళంచెవి అడిగింది. ఇంటివారు చాలాసేపు వెతికారు. చివరికి, ఇల్లు కట్టినప్పుడు బీరువాతో పాటు వచ్చిన తాళంచెవి అప్పుడే ఎక్కడో పోయిందని తేలింది. "అయితే ఇది బొమ్మల కొలువేటి?" అని వదిన అడిగిన మాట పెళ్ళి పందిట్లో చాలామందికి వినబడింది. నేను నీళ్ళ కుండ వైపు వెళ్ళిపోయాను. భోజనాల దగ్గర కూడా ఆవిడ ఊరుకోలేదు. "ఊపిరాడక సచ్చిపోతన్నాయిరా సిన్నోడా. అద్దానికి మొకాలెట్టుకుని నన్నే సూస్తన్నాయి" అన్నది.

వేలు నాలుక మీద తడిచేసుకుని పుట తిప్పేవాళ్ళను ఆవిడ సహించలేదు. వారపత్రికల సీరియల్ కాగితాలు కుట్టించుకుంటే, అంచులు సమంగా రావాలని ప్రతి పుటలోనూ ఆఖరి పంక్తి కోసేసే బైండరును సహించలేదు. నాయిక తెలుపును వర్ణించే రచయితలనైతే అసలు సహించలేదు. మల్లెపువ్వు, పాలమీగడ, పచ్చి కొబ్బరి అంటూ వాళ్ళు మొదలుపెట్టగానే పుస్తకం బోర్లించేది. "ఈల్లకి నల్లటి ఆడది కనబడదేటి? నాలాటిది నడిసొస్తే సందేలయిపోనాదనుకుంతారా?" అనేది. ఆవిడ మంచి నలుపు. ఆ నలుపు మీద ఆవిడకు కించిత్తు గర్వం కూడా ఉండేది.

ఇక "ఏటి" సంగతి. మన ప్రాంతంలో "ఏమిటి" అనవలసిన చోట "ఏటి" అంటామని ఈ సంచిక చదివేవారికి నేను చెప్పనక్కర్లేదు. కానీ అచ్చుకు చెప్పాలి. గ్రంథాలయ వార్షికోత్సవంలో మాట్లాడమని కార్యదర్శి గారు వదినను అడిగారు. ఏ విషయం మీద మాట్లాడతారంటే, "ఏటి సదువు?" అని రాసుకోండన్నది. ఇది ఏం చదువు, మనం చదివే తీరేమిటి అని ఆవిడ భావం. కార్యదర్శి గారు యథాతథంగా రాసి శ్రీకాకుళంలో ముద్రణాలయానికి పంపారు. అక్కడ గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చిన ప్రూఫ్ రీడర్ ఒకాయన ఉన్నారు. శ్రద్ధ గల మనిషి. సదువును చదువు చేశారు. ఏటి అంటే ఏరు, నది అని వారికి తెలుసు. నదికి ప్రశ్నార్థకం ఎందుకని తీసేశారు. అయినా అన్వయం కుదరక, పరోపకార బుద్ధితో ఒక మాట చేర్చారు. ఆహ్వానపత్రం "ఏటి గట్టు చదువు" అని అచ్చయి వచ్చింది.

అధ్యక్షులు విద్యాశాఖలో పెద్ద ఉద్యోగం చేసి విరమించినవారు. ఆహ్వానపత్రం చూసి, పాపం చాలా శ్రమపడి సిద్ధమై వచ్చారు. నదీతీరాల ఋషుల ఆశ్రమాలు, గురుకులాలు, బ్రహ్మచారులు సమిధలు తేవడం, గంగాయమునలతో ప్రారంభించి మన నాగావళి దాకా అనర్గళంగా ప్రవహించారు. వెనక బెంచీల్లో కూర్చున్న మా ఊరివాళ్ళు, వరహాలమ్మ గారికి ఇంత విషయం తెలుసా అని ఆశ్చర్యపోయారు.

తరువాత వదిన లేచింది. "పెసిడెంటుగోరు సెప్పినవన్నీ బాగున్నాయి. నాను ఏటి అన్నాను. ఆల్లు ఏరు అనుకున్నారు. మన మాట మనూల్లోనే ఇలగ కొట్టుకుపోతన్నాది" అన్నది. సభ నవ్వింది. ఆవిడ నవ్వలేదు. ఆ తరువాత అన్నది నాకు మాట మాటా గుర్తుంది. "పుస్తకంలో మన మాట వచ్చినాదంటే నాకు బయమేస్తాది. ఎందుకంటే అక్కడ నవ్వాల. బండోడో పనిమనిసో ఏటి అంతాది, పట్నం పిల్ల నవ్వుతాది, సదివినోళ్ళు నవ్వుతారు. మన మాటలో ఏడిసినోళ్ళని కొందరు మారాజులు రాసినారు, ఆల్లకి దండం. మన మాటలో పేమించుకున్నోళ్ళని మట్టుకు నాకు ఎవులూ సూపించనేదు. మన మాట మాటాడుకుంతే పిల్లలు పుట్టరేటి?"

అధ్యక్షులు దగ్గారు. ఆడవాళ్ళ వైపు నుంచి మొదలైన నవ్వు చాలాసేపు ఆగలేదు. ఇంటికి వచ్చే దారిలో నేను ఉండబట్టలేక, "వదినా, పుస్తకమన్నది అన్ని జిల్లాలవాళ్ళకూ అర్థం కావద్దా?" అన్నాను. "ఆల్ల మాట నాకు అర్థమవుతన్నాది కదా. నా మాట ఆల్లకెందుకు అర్థమవదు?" అన్నది. ఈ వ్యాసం కూర్చేవారికీ దిద్దేవారికీ ఒక మనవి: ఇందులో ఆవిడ ఎక్కడ "ఏటి" అన్నదో అక్కడ దయచేసి నదిని ప్రవహింపజెయ్యకండి.

పెద్దకర్మ అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. సెలవు మిగిలి ఉంది గనుక నేను ఆగాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక అన్నయ్య చాప పరుచుకున్నాడు. కాసేపు గోడ వైపు చూసి, లేచి, గూట్లోంచి ఒక నవల తెచ్చి నాకిచ్చాడు. ఆవిడ ఒడిలో ఉన్న పుస్తకమే. సగం దగ్గర కొబ్బరీనె గుర్తు పెట్టి ఉంది. పీఠిక పుటలకు తెల్లదారం కుట్టు అలాగే ఉంది.

"ఒరే సిన్నోడా, ఆ గుంట ఇల్లిడిసి ఎలిపోనాది కదా. తిరిగొచ్చినాదో నేదో. అక్కణ్ణించి సదువు" అన్నాడు. పన్నెండు దినాలూ ఏడవని మనిషి అంత మామూలుగా అడిగాడు. నేను ఈనె ఉన్నచోట తెరిచి చదివాను. "'ఏమిటండీ మీరనేది? నన్నింకా నమ్మడం లేదా?' అన్నదామె. పాలమీగడ వంటి ఆమె చెక్కిళ్ళు కందిపోయాయి."

అన్నయ్య లేచి కూర్చున్నాడు. "ఇది కాదురా. ఏరే పుస్తకం తీసినావు."

"ఇదే అన్నయ్యా. ఈనె ఇక్కడే ఉంది."

"కాదు. ఆ గుంట నలుపు కదా, మీ వదినలాగ. ఇందులో తెల్లదున్నాది. అదీగాక అలగ మాటాడదురా అది. 'ఏటంతన్నావు నువ్వు, నన్నింకా నమ్మవేటి' అంతాది. ఆడూ అలగే మాటాడతాడు. మనలాగ."

"ఏ పుస్తకంలో అన్నయ్యా?"

అన్నయ్య నా వైపు జాలిగా చూశాడు. "అన్నింట్లోనూ. పుస్తకాలంతే కదరా. అంత సదువుకున్నావు, నీకు తెల్దేటి?"

నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను. నా చెప్పుల చప్పుడు వినగానే ఆవిడ చదవడం ఎందుకు ఆపేదో అప్పుడు తెలిసింది. ఆ గోడకు ఆనుకుని, ఇన్నేళ్ళూ, ప్రతి మధ్యాహ్నం, అచ్చులో ఉన్న ప్రతి నాయికనూ నల్లటిదాన్ని చేసి, ప్రతి ప్రేమనూ మన మాటలోకి తిప్పి, తడబడకుండా, కళ్ళు పంక్తి మీద ఉండగానే చదివింది. ఏ రచయితనూ అడగలేదు. నాలాంటి పండితుడి చెవిన పడనివ్వలేదు. ఏ పుస్తకం కోసం తాను బతుకంతా ఎదురుచూశానని చెప్పిందో ఆ పుస్తకాన్ని తానే రోజూ తయారుచేసి ఒకే ఒక్క శ్రోతకు వినిపించింది. ఆ శ్రోత ఏనాడూ నవ్వలేదు, ఎందుకంటే అందులో నవ్వవలసినదేదో ఉందని అతనికి తెలియదు.

"ఆయమ్మ సదివినట్టు సదువు" అన్నాడు అన్నయ్య. ప్రయత్నించాను. నేనూ ఆ ఇంట్లో పుట్టినవాణ్ణే. ఆ మాటలోనే పెరిగినవాణ్ణే. 'చెప్పు'ను 'సెప్పు' చేశాను, 'వస్తుంది'ని 'వస్తాది' చేశాను. ప్రతి మాట దగ్గరా ఆగి, వెతికి, మార్చి చదివాను. రెండు పంక్తులు కూడా పూర్తికాకముందే అన్నయ్య చెయ్యెత్తాడు. "ఒగ్గీరా. నువ్వు సదువుతుంతే ఎకసెక్కం సేస్తన్నట్టున్నాది" అన్నాడు. కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నాడు.

అచ్చయిన గ్రంథం చెదలు పట్టినా, వరదలో పోయినా, ఎక్కడో ఒకచోట మరో ప్రతి దొరుకుతుంది. మా వదిన చదివిన గ్రంథాలకు రెండో ప్రతి లేదు. అవి ఆవిడతో పాటే నాగావళి ఒడ్డున కాలిపోయాయి. నేనెన్ని పుస్తకాలు చదివితే మాత్రం ఏం లాభం, అవి నాకు వినపడలేదు. ఆ మహాచదువరికి, నాకు తొలి అక్షరం దిద్దించిన చేతికి, ఈ నాలుగు పుటలతో నమస్కరిస్తున్నాను. ఆ లోటు తీర్చగల శక్తి నాకు లేదని నా అన్నయ్యే తేల్చి చెప్పాడు.

ఆ రాత్రి లోపలి గదిలో నేనొక్కణ్ణే ఆ నవల పూర్తిచేశాను. మర్నాడు బయల్దేరేముందు, అన్నయ్య గోడ వైపే చూస్తూ కూర్చోవడం భరించలేక, "పోనీ, ఆ అమ్మాయి ఆఖరికి ఏమయిందో చెప్పెయ్యనా అన్నయ్యా?" అన్నాను. అన్నయ్య గబుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఒద్దురా సిన్నోడా. దానికి కోపమొస్తాది."

అప్పుడు ఏడ్చాడు. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, ఈనె ఎక్కడుందో అక్కడే ఉందని తడిమి చూసుకుని, గూట్లో పెట్టాడు. పీఠిక కుట్టు మేము తెంపలేదు.